డేటా ఒకచోట, ప్యాకేజీ ఇంకోచోట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పరిశోధన డేటా భద్రపరచడం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది చెప్పాయి. ఫైళ్లు మరీ పెద్దవి, పరిశోధన ఫైళ్లనూ వాటి వివరాలనూ కలిపి కట్టే ప్యాకేజీలో పట్టవు, బయట ఎక్కడో ఉంచి లింకు ఇవ్వక తప్పదు. అలా ఇచ్చిన లింకు పట్టుకుని కొన్నేళ్ల తర్వాత ఇంకొకరు అదే డేటాను, ఒక్క బైటు తేడా లేకుండా తెచ్చుకోగలగాలంటే ఏం చేయాలి? ఒకే పోలికలో ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా దగ్గర మైక్రోస్కోప్ చిత్రాలు 600 జీబీ ఉన్నాయి. పట్టికలు, కోడ్ కలిపి 2 జీబీ. పరిశోధన డేటా దాచే వెబ్ భాండారం (రిపాజిటరీ) జెనోడోలో పెడదామంటే ఒక రికార్డుకు 50 జీబీయే పరిమితి. చిత్రాలను సంస్థ సర్వర్‌లో ఉంచి, రీడ్‌మీ ఫైల్లో లింకు రాసేస్తే సరిపోదా?

సరిపోదు. ఆ ఫైలు ఎక్కడుందో లింకు చెబుతుంది. అక్కడ దొరికినది మీరు పెట్టిన ఫైలేనా అంటే దాని దగ్గర జవాబు లేదు. రేపు ఎవరో ఒక చిత్రంలో తప్పు దిద్ది, అదే పేరుతో అదే చోట పెట్టారనుకోండి. లింకు యథాప్రకారం పనిచేస్తుంది, డేటా మాత్రం వేరేది. చచ్చిపోయిన లింకు కన్నా ఇదే ప్రమాదం. లింకు చచ్చిపోతే కనీసం తెలుస్తుంది.

అందుకే బయట ఉంచే ప్రతి ఫైలుకూ నాలుగు సంగతులు ప్యాకేజీలో రాసి ఉండాలి: చిరునామా, బైట్లలో పరిమాణం, చెక్‌సమ్ (ఫైలు బైట్ల నుంచి లెక్కగట్టే ఆనవాలు, ఒక్క బైటు మారినా ఇది మారిపోతుంది), ప్యాకేజీ ఫోల్డర్లలో అది కూర్చోవాల్సిన చోటు. ఈ నాలుగింటికీ ముందే స్థానం ఏర్పరచిన పద్ధతి బ్యాగిట్. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీలు మొదలుపెట్టిన ఈ పద్ధతి 1.0 రూపం 2018 అక్టోబరులో ఆర్ఎఫ్‌సీ 8493 అనే సాంకేతిక పత్రంగా వెలువడింది. పేరుకు తగ్గట్టు ఇది ఒక సంచి. ‘డేటా’ అనే ఫోల్డర్లో అసలు ఫైళ్లు ఉంటాయి. దాని పక్కన మామూలు టెక్స్ట్ ఫైళ్లు నాలుగైదు ఉంటాయి. ‘బ్యాగిట్.టీఎక్స్‌టీ’లో రెండే వరుసలు, వెర్షన్, అక్షర సంకేతం. ‘మ్యానిఫెస్ట్’లో ప్రతి ఫైలు చెక్‌సమ్, దారి. ‘బ్యాగ్-ఇన్ఫో’లో వివరాలు. బయట ఉన్న ఫైళ్ల జాబితా ‘ఫెచ్.టీఎక్స్‌టీ’లో ఉంటుంది.

పని ఈ వరుసలో చేయండి, వరుస తప్పితే తర్వాత సరిదిద్దుకోవడం కష్టం. ముందు 602 జీబీ మొత్తాన్నీ స్థానిక డిస్కు మీదే సంచిలో పెట్టి, షా-512 అనే లెక్క పద్ధతితో తీసిన చెక్‌సమ్‌లతో మ్యానిఫెస్ట్ తయారు చేయించండి. సెకనుకు 150 ఎంబీ చదివే హార్డ్ డిస్కు అయితే 600 జీబీకి గంటా పది నిమిషాల లోపు పట్టే పని. ఆ తర్వాతే చిత్రాలను బయటికి పంపండి. చాలామంది తిరగేసి చేస్తారు: ముందు ఎక్కించి, ఎక్కిన ప్రతి నుంచి చెక్‌సమ్ తీస్తారు. ఎక్కించేటప్పుడు ఫైలు దెబ్బతిని ఉంటే, ఆ దెబ్బతిన్న ఫైలే ప్రమాణం అయి కూర్చుంటుంది.

బయటికి చేరిన ప్రతిని ఇంకో కంప్యూటర్‌లోకి దించి, మ్యానిఫెస్ట్‌తో పోల్చి చూశాక ఫెచ్ ఫైలు రాయండి. ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస, వరుసకు మూడు గళ్లు:

హెచ్‌టీటీపీఎస్://భాండారం.ఉదాహరణ/ఫైళ్లు/పలక_07.టార్ 4831838208 డేటా/చిత్రాలు/పలక_07.టార్

మొదటిది చిరునామా, రెండోది బైట్లు, మూడోది సంచిలో స్థానం. పరిమాణం తెలియకపోతే అక్కడ హైఫన్ పెట్టడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది. మీరు మాత్రం హైఫన్ పెట్టకండి. దింపుకోవడం మధ్యలో తెగిపోయిందని చెక్‌సమ్ దాకా పోకుండానే పట్టించేది ఆ అంకే. చిరునామాలో ఖాళీ ఉంటే దాని బదులు శాతం గుర్తు, 20 రాయాలి, లేకపోతే గళ్లు కలగాపులగం అవుతాయి. మూడో గడి తప్పనిసరిగా ‘డేటా’ ఫోల్డర్‌తో మొదలవ్వాలి.

ఎక్కువమంది ఇక్కడ జారే మెట్టు ఒకటుంది. ఫెచ్‌లో రాసిన ప్రతి ఫైలూ మ్యానిఫెస్ట్‌లో కూడా ఉండి తీరాలి. ‘ఫైలు సంచిలో లేదు కదా’ అని మ్యానిఫెస్ట్ నుంచి ఆ వరుసలు తీసేస్తే, మిగిలేది రీడ్‌మీలో రాసిన లింకులాంటిదే. చిత్రాలను సంచిలోంచి తీసేశాక కూడా మ్యానిఫెస్ట్‌ను ముట్టుకోకూడదు. బ్యాగ్-ఇన్ఫోలోని ‘పేలోడ్-ఆక్సమ్’ను కూడా అలాగే వదలండి. చుక్కకు ముందు మొత్తం బైట్లు, తర్వాత ఫైళ్ల సంఖ్య చూపే అంకె అది, నిండు సంచికే వర్తిస్తుంది. కొత్తగా చేరిన ఫెచ్ ఫైలుకు కూడా చెక్‌సమ్ ఉండేలా ‘ట్యాగ్-మ్యానిఫెస్ట్’ను (‘డేటా’ ఫోల్డర్ పక్కనున్న టెక్స్ట్ ఫైళ్ల చెక్‌సమ్ జాబితాను) మాత్రం మళ్లీ తయారు చేయించాలి. అది చేయకపోతే చిరునామాలను ఎవరు మార్చినా పట్టుకోలేరు.

ఇలా తయారైన సంచిని తనిఖీ చేస్తే ‘అసంపూర్ణం’ అని వస్తుంది. కంగారు పడనక్కర్లేదు, అది నిజమే చెబుతోంది. ఫైళ్లన్నీ దించుకున్నాక మళ్లీ తనిఖీ చేస్తే ‘చెల్లుతుంది’ అని రావాలి. ఈ సంగతి రీడ్‌మీలో రెండు ముక్కల్లో రాయండి, లేకపోతే చూసినవారు సంచి పాడైందనుకుంటారు.

ఇక చిత్రాలు ఎక్కడ ఉంచాలి? ప్రాజెక్టు ముగిసినా, ఉద్యోగి వెళ్లిపోయినా నిలిచే చోట. సంస్థ సర్వర్‌లో ఒకరి పేరు మీద ఉన్న ఫోల్డర్ అలాంటి చోటు కాదు. 600 జీబీని 13 రికార్డులుగా విడగొట్టి రిపాజిటరీలోనే పెట్టడం చిరాకు పనే, అయినా మా సలహా అదే. ఒక్కో రికార్డుకు ఒక్కో డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) వస్తుంది. లెక్క ప్రకారం 12 చాలు, కానీ అంచు దాకా నింపితే ఇబ్బంది. జెనోడోలో రికార్డుకు 100 ఫైళ్లే పడతాయి కాబట్టి సంచిలో పెట్టడానికి ముందే చిత్రాలను పలకల వారీగా టార్ (చాలా ఫైళ్లను ఒకే ఫైలుగా చేర్చే పద్ధతి) కట్టలు కట్టండి. ఒక్కో కట్టలో అందులోని చిత్రాల చెక్‌సమ్ జాబితా కూడా వేయండి. కట్ట మొత్తం చెక్‌సమ్ తప్పినప్పుడు ఏ చిత్రం పాడైందో చెప్పేది ఆ జాబితానే.

ప్రశ్న: మీరు చెప్పినట్టే ఫెచ్ జాబితా ఉన్న సంచి ఒకటి ఇంకో బృందం నుంచి వచ్చింది. ఫైళ్లు దిగాయి, దోషమేమీ చూపలేదు. కానీ ఒక్కొక్కటీ పధ్నాలుగు, పదిహేను కేబీలే. ఏదీ తెరుచుకోవడం లేదు.

అన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండటమే జవాబు చెబుతోంది. మీకు దిగినవి ఫైళ్లు కావు, వెబ్ పేజీలు. ఒకదాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. మొదటి వరుసలో ‘డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్’ కనిపిస్తుంది. లినక్స్‌లో ‘ఫైల్’ ఆదేశం కూడా ఆ మాటే చెబుతుంది. సర్వర్ దృష్టిలో ఏ దోషమూ లేదు. అడిగిన చిరునామాలో ఒక పేజీ ఉంది, ఇచ్చింది, ‘అంతా సవ్యం’ అని అర్థమిచ్చే 200 జవాబు పంపింది.

ఇలా జరగడానికి కారణాలు కొన్నే. అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది, ఫెచ్ గడిలో డీఓఐ రాయడం. డీఓఐ తీసుకెళ్లేది రికార్డు వివరాల పేజీకి, ఫైలుకు కాదు. రెండోది ఫైల్ పంచుకునే సేవల లింకులు. డ్రాప్‌బాక్స్ లింకు చివర ‘డీఎల్=0’ ఉంటే వచ్చేది ప్రివ్యూ పేజీ, దాన్ని 1 చేస్తే ఫైలు వస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో పెద్ద ఫైళ్లకు ‘వైరస్ కోసం తనిఖీ చేయలేకపోయాం’ అనే పేజీ అడ్డం వస్తుంది. మూడోది లాగిన్ పేజీ. లింకు తయారుచేసిన వారి బ్రౌజర్ అప్పటికే లాగిన్ అయి ఉంటుంది కాబట్టి వారికి అంతా సవ్యంగా కనిపిస్తుంది. అందుకే లింకులను పరీక్షించేటప్పుడు ఆ ఖాతా తెరిచి లేని కంప్యూటర్ నుంచే చేయాలి.

పధ్నాలుగు కేబీ కాక కొన్ని వందల బైట్ల ఎక్స్ఎంఎల్ ముక్క వస్తే, గడువు తీరిన లింకు అయి ఉండొచ్చు. అమెజాన్ వారి నిల్వ సేవ ఎస్3లో సంతకంతో ఇచ్చే తాత్కాలిక లింకుకు గరిష్ఠ ఆయుష్షు 7 రోజులు. దాన్ని ప్యాకేజీలో రాస్తే వారంలో ప్యాకేజీ చచ్చిపోతుంది. అలాగే ఫైళ్లు దించే సాధనం కర్ల్‌తో దించేటప్పుడు పెద్ద ‘ఎల్’ ఐచ్ఛికం ఇవ్వకపోతే, ‘వేరే చోటికి మారింది’ అన్న నోటీసునే ఫైలుగా దాచిపెడుతుంది. చిన్న ‘ఎఫ్’ ఐచ్ఛికం కూడా ఇవ్వండి. అది లేకపోతే ‘దొరకలేదు’ అనే 404 పేజీని కూడా మీ చిత్రం పేరుతోనే దాస్తుంది.

పంపినవారు ఫెచ్‌లో పరిమాణం రాసి ఉంటే, దిగిన ఫైలు పరిమాణంతో పోల్చిన క్షణంలోనే ఇది తెలిసిపోయేది. హైఫన్ పెట్టొద్దని పైన అన్నది ఇందుకే.

ప్రశ్న: డీఓఐ ఫైలుకు పోదంటున్నారు. మరి నేరు చిరునామాలు మారిపోతాయి. ఏది రాయాలి?

రెండూ రాయాలి, చోట్లు వేరు. ఫెచ్ గడిలో ఫైలుకు నేరుగా పోయే చిరునామా. బ్యాగ్-ఇన్ఫోలో, మెటాడేటాలో (డేటా గురించిన వివరాల్లో) ఆ ఫైలు ఉన్న రికార్డు డీఓఐ. నేరు చిరునామా రూపం మారుతుందన్నది నిజమే. 2023 అక్టోబరులో జెనోడో తన సాఫ్ట్‌వేర్‌ను మార్చినప్పుడు చిరునామాలోని ‘రికార్డ్’ అనే మాట ‘రికార్డ్స్’ అయింది. పాతవాటిని కొత్తవాటికి మళ్లించారు కాబట్టి, మళ్లింపును అనుసరించే సాధనాలకు ఇబ్బంది రాలేదు. అందరూ అలా మళ్లిస్తారని నమ్మకం లేదు. డీఓఐ ఉంటే పేజీకి వెళ్లి కొత్త చిరునామా తెలుసుకుని ఫెచ్‌లో ఆ ఒక్క వరుస మార్చుకోవచ్చు. మ్యానిఫెస్ట్ మారదు. ఎక్కడ దొరుకుతుందన్నది ఒక ఫైల్లో, ఏది దొరకాలన్నది ఇంకో ఫైల్లో విడివిడిగా ఉండటమే ఈ పద్ధతిలోని అసలు బలం.

ఒక జాగ్రత్త. జెనోడోలో ఒక డేటాకు రెండు రకాల డీఓఐలు ఉంటాయి. ఒకటి ప్రతి వెర్షన్‌కూ విడిగా ఉండేది. రెండోది అన్ని వెర్షన్లకూ కలిపి ఇచ్చేది, అది ఎప్పుడూ తాజా వెర్షన్‌కే తీసుకెళ్తుంది. ప్యాకేజీలో రాయాల్సింది మీరు వాడిన వెర్షన్ డీఓఐ. కలిపి ఇచ్చినది రాస్తే, రెండేళ్ల తర్వాత వచ్చినవారికి మీ మ్యానిఫెస్ట్‌తో సరిపోలని ఫైళ్లు దొరుకుతాయి.

ప్రశ్న: మా ఫైళ్లు ఎస్3లో ఉన్నాయి. అక్కడ ఫైలు పక్కన కనిపించే ఈట్యాగ్ అనే ఆనవాలు ఎండీ5 పద్ధతి చెక్‌సమ్ అంటారు కదా. మళ్లీ లెక్కించడం ఎందుకు, దాన్నే మ్యానిఫెస్ట్‌లో రాయకూడదా?

రాయకండి. చిన్న ఫైలును ఒకే దఫాలో ఎక్కిస్తే చాలాసార్లు ఈట్యాగ్, ఎండీ5 ఒకటే అవుతాయి, అక్కడినుంచే ఈ అపోహ పుట్టింది. పెద్ద ఫైలు ముక్కలుగా ఎక్కుతుంది. అప్పుడు ఒక్కో ముక్క ఎండీ5 తీసి, వాటన్నింటినీ వరుసగా చేర్చి, ఆ చేర్చినదానికి ఇంకోసారి ఎండీ5 తీస్తారు. చివర హైఫన్, ముక్కల సంఖ్య ఉంటాయి. 8 ఎంబీ ముక్కలుగా ఎక్కిన ఒక జీబీ ఫైలు ఈట్యాగ్ చివర 128 కనిపిస్తుంది. అదే ఫైలును 16 ఎంబీ ముక్కలుగా ఎక్కిస్తే ఈట్యాగ్ పూర్తిగా వేరు. ఫైలు మారకుండానే మారిపోయేది ఆనవాలుగా పనికిరాదు. అమెజాన్ తాళాల సేవ కేఎంఎస్ తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచినా ఈట్యాగ్ ఎండీ5 కాదు.

మూల ఫైలు మీద షా-256 గానీ షా-512 గానీ తీయండి. బ్యాగిట్ 1.0 సాధనాలన్నీ ఈ రెండింటినీ అర్థం చేసుకోవాలి. షా-256 అయితే 64 అక్షరాలు, షా-512 అయితే 128. ఈ సంఖ్య కన్నా తక్కువ కనిపిస్తే ఎవరో నకలు చేసేటప్పుడు తోక తెగిందని అర్థం.

చెక్‌సమ్ అకారణంగా తప్పుతోందని రాసినవారు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అకారణంగా తప్పదు. జీజిప్‌తో కుదించిన ఫైలు తలభాగంలో సమయం నమోదవుతుంది కాబట్టి అదే డేటాను రేపు మళ్లీ కుదిస్తే చెక్‌సమ్ మారవచ్చు. కుదించేటప్పుడు చిన్న ‘ఎన్’ ఐచ్ఛికం ఇస్తే ఆ సమయం చేరదు. సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి, ఏమీ మార్చకుండా దాచినా బైట్లు మారతాయి. ఫైళ్ల మార్పులను నమోదు చేసే గిట్‌లో వరుస ముగింపు గుర్తులను విండోస్‌కు తగ్గట్టు మార్చే అమరిక ఉంటే టెక్స్ట్ ఫైళ్లన్నీ మారతాయి. గిట్‌హబ్ అప్పటికప్పుడు తయారుచేసి ఇచ్చే సోర్స్ కోడ్ కట్టల చిరునామాను ఫెచ్‌లో రాయడం కూడా మంచిది కాదు. 2023 జనవరి చివరలో అక్కడ కుదించే పద్ధతి మారడంతో, లోపలి కోడ్ అదే అయినా కట్టల చెక్‌సమ్‌లు మారిపోయాయి. చాలామంది ఇబ్బంది పడ్డాక ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. విడుదలకు మీరే జతచేసిన కట్టకు ఆ బెడద లేదు.

ప్రశ్న: ఆర్ఓ-క్రేట్ వాడమని మా లైబ్రరీ చెబుతోంది. బ్యాగిట్ ఉండగా అదెందుకు? ఏది ఎంచుకోవాలి?

అవి పోటీదారులు కావు. బ్యాగిట్‌కు తెలిసింది బైట్లు. ఆ ఫైలు ఏమిటి, ఎవరు కొలిచారు, ఏ పరికరంతో, ఏ లైసెన్సుతో అన్నది దానికి పట్టదు. ఆర్ఓ-క్రేట్ చెప్పేది ఆ కథ. ‘ఆర్ఓ-క్రేట్-మెటాడేటా.జేసన్’ అనే ఒకే ఫైల్లో, స్కీమా.ఆర్గ్ అనే ఉమ్మడి పదజాలంతో రాస్తారు. బయటి ఫైలును దాని పూర్తి వెబ్ చిరునామానే గుర్తింపుగా పెట్టి చేర్చవచ్చు. దాంతోపాటు పరిమాణం, ఫైలు రకం, ఆ చిరునామాను మీరు చూసిన తేదీ రాయండి. ఆ తేదీకి ‘ఎస్‌డీ-డేట్-పబ్లిష్‌డ్’ అనే గడి ఉంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. లింకు చచ్చాక, ‘ఫలానా రోజున ఇక్కడ ఉండేది’ అన్న ఆధారంతోనే వెబ్ ఆర్కైవుల్లో వెతకగలుగుతాం, కాబట్టి తప్పక నింపండి. రూట్ డేటాసెట్ (మొత్తం ప్యాకేజీని సూచించే నమోదు) ‘హ్యాజ్-పార్ట్’ జాబితాలో ఆ ఫైలును చేర్చడం మరిచిపోతే, వివరాలెన్ని రాసినా అది ప్యాకేజీలో భాగంగా లెక్కకు రాదు.

చెక్‌సమ్ ఉండి తీరాలని ఆర్ఓ-క్రేట్ పట్టుబట్టదు. కాబట్టి క్రేట్‌ను సంచి ‘డేటా’ ఫోల్డర్లో పెట్టి రెండూ కలిపి వాడండి. ఏ ఫైలు ఎందులోకి అంటే మేం పాటించే గీటురాయి ఇది: విశ్లేషణ మళ్లీ నడపడానికి ఆ ఫైలు డిస్కు మీద ఉండి తీరాలా? అయితే ఫెచ్‌లోకి, దారి పేరుతో క్రేట్‌లోకి. ప్రస్తావన కోసమేనా? అయితే వెబ్ చిరునామాతో క్రేట్‌లో ఉంటే చాలు.

మీ డేటా అంతా పట్టికలే అయితే ఫ్రిక్షన్‌లెస్ డేటా ప్యాకేజీ అనే పద్ధతి ఇంకా తేలిక. అందులో వనరు దారిగా వెబ్ చిరునామా ఇవ్వొచ్చు, బైట్లకు, హ్యాష్‌కు (చెక్‌సమ్‌కు) గళ్లున్నాయి. హ్యాష్ ముందు పద్ధతి పేరు రాయకపోతే దాన్ని ఎండీ5 అనుకుంటుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: పెద్ద అంకెల డేటాను దాచే ఫైలు రూపం హెచ్‌డీఎఫ్5లో చాలా ఫైళ్లను ఒకే వర్చువల్ డేటాసెట్‌గా కలిపి పంచుకున్నాం. తీసుకున్నవారు సగం విలువలు సున్నాలు వచ్చాయంటున్నారు. దోషం ఏదీ రాలేదట.

ఈ ప్రశ్న పంపినందుకు ధన్యవాదాలు. ప్రచురించిన ఫలితాలను కూడా తప్పుదారి పట్టించగల సంగతి ఇది. వర్చువల్ డేటాసెట్‌లో అసలు అంకెలు ఉండవు, ఏ మూల ఫైల్లో ఏ భాగం చదవాలో సూచన ఉంటుంది. మూల ఫైలు దొరకకపోతే హెచ్‌డీఎఫ్5 ఆగిపోదు. ఆ చోట్లలో పూరక విలువను పెట్టి ఇచ్చేస్తుంది. మీరు వేరేది చెప్పకపోతే ఆ విలువ సున్నా. వాళ్ల దగ్గర సగం మూల ఫైళ్లు లేవు, అంతే. సగటు తీస్తే వచ్చేస్తుంది, గ్రాఫ్ కూడా వచ్చేస్తుంది. హెచ్‌డీఎఫ్5లోనే ఇంకో ఫైలును చూపే ఎక్స్‌టర్నల్ లింకు అలా కాదు. అవతలి ఫైలు లేకపోతే దోషం చూపి ఆగుతుంది.

చేయాల్సినవి: తయారుచేసేటప్పుడు దశాంశ విలువలకు పూరకంగా ‘నాన్’ (‘అంకె కాదు’ అనే గుర్తు) పెట్టండి, పూర్ణాంకాలకు మీ కొలతల్లో రానే రాని విలువ పెట్టండి. మూల ఫైళ్ల దారులు మీ డిస్కు పేరుతో మొదలయ్యే పూర్తి దారులు కాకుండా, పక్కనున్న ఫైలు పేరుగానే ఉండాలి. ఫెచ్ మూడో గడిలోని స్థానం సరిగ్గా ఆ పేరుకే దించాలి. చదివేవారు పైథాన్ భాషలోని హెచ్5పై సాధనం వాడితే, ‘వర్చువల్ సోర్సెస్’ పిలుపుతో మూల ఫైళ్ల పేర్లు తీసి, అన్నీ ఉన్నాయా అని ముందే చూసే నాలుగు వరుసల స్క్రిప్టును ప్యాకేజీలో జతచేయండి.

ప్రశ్న: డేటా రిపాజిటరీ, పెద్ద ఫైళ్లను గిట్ బయట దాచే గిట్-అనెక్స్‌లో ఉంది. జిప్‌గా దించుకున్నవారికి విరిగిన సింబాలిక్ లింకులే వస్తున్నాయి. అలాంటిదే అయిన గిట్ ఎల్ఎఫ్ఎస్ వాడే ఇంకో బృందంలో మూడు వరుసల టెక్స్ట్ ఫైళ్లు వస్తున్నాయట.

రెండూ ఒకే జబ్బు. గిట్‌లో ఉన్నది సూచిక, సరుకు వేరే చోట ఉంది. జిప్‌లోకి సూచికే వెళ్లింది. ఎల్ఎఫ్ఎస్ సూచికలో వెర్షన్, షా-256, పరిమాణం అనే మూడు వరుసలుంటాయి. గిట్‌హబ్ జిప్‌లలో ఎల్ఎఫ్ఎస్ ఫైళ్లు చేరాలంటే రిపాజిటరీ అమరికల్లో ఆ ఎంపికను మీరే తెరవాలి. అనెక్స్ అయితే క్లోన్ చేసి ‘గెట్’ ఆదేశంతో తెచ్చుకోమని చెప్పాలి. భద్రపరచడానికి మాత్రం జిప్‌ను నమ్ముకోకుండా, సరుకంతా తెచ్చుకున్నాక సంచి కట్టండి.

గిట్-అనెక్స్‌లో వెబ్ చిరునామాను చేర్చేటప్పుడు ‘ఫాస్ట్’ ఐచ్ఛికం వాడితే ఫైలును దించదు, పరిమాణం మాత్రమే చూస్తుంది, చెక్‌సమ్ నమోదు కాదు. ‘రిలాక్స్‌డ్’ అయితే పరిమాణం కూడా చూడదు. వేల ఫైళ్లు చేర్చేటప్పుడు సమయం కలిసివస్తుందని వీటిని వాడి, తర్వాత మరిచిపోతారు. ఇంకొకటి: మీ దగ్గరి ప్రతిని తీసేసే ‘డ్రాప్’ ఆదేశం ఇచ్చేటప్పుడు వెబ్ చిరునామాను కూడా ఒక ప్రతిగా లెక్కిస్తుంది. ఎవరిదో వెబ్‌సైట్‌ను నమ్మి మీ చివరి ప్రతిని తీసేసే వీలుంది. ‘వెబ్’ను నమ్మరానిదిగా గుర్తించే ‘అన్‌ట్రస్ట్’ ఆదేశం ఇచ్చి ఉంచండి.

ప్రశ్న: రోగుల స్కాన్లు బహిరంగంగా పెట్టకూడదు. లింకుతో ప్యాకేజీ చేయవచ్చా?

చేయవచ్చు. వివరాలు తెరిచి ఉంచి, ఫైళ్లకు తాళం వేయాలి. ఫెచ్ చిరునామా లాగిన్ అడిగే చోటికి పోవచ్చు. రహస్య టోకెన్ మాత్రం ఆ చిరునామాలో ఎప్పుడూ ఉండకూడదు. బీడీబ్యాగ్ వంటి సాధనాలు తాళాల వివరాలను వాడేవారి కంప్యూటర్‌లో వేరే ఫైల్లో ఉంచుకుంటాయి, ఆ వివరాలు సంచితోపాటు ప్రయాణం చేయవు. అనుమతి ఎలా అడగాలో చెప్పే పేజీ చిరునామాను బ్యాగ్-ఇన్ఫోలో రాయండి. ఫైలు పేర్లు, ఫోల్డర్ పేర్లు మ్యానిఫెస్ట్‌లో అందరికీ కనిపిస్తాయి కాబట్టి రోగి పేరు, ఆసుపత్రి సంఖ్య, పుట్టిన తేదీ వాటిలో ఉండకూడదు. ఫైల్లో ‘అవును’ లేదా ‘కాదు’ అన్న ఒక్క మాటే ఉంటే దాని చెక్‌సమ్ చూసి లోపలిది ఊహించడం క్షణం పని. అలాంటి చిన్న ఫైళ్లను పెద్ద పట్టికలో కలిపేయండి.

ఇతరుల నుంచి వచ్చిన సంచిని తెరిచేముందు ఫెచ్ జాబితాను కళ్లతో చూడండి. స్థానం గడిలో రెండు చుక్కలతో పై ఫోల్డర్‌కు ఎక్కే దారులుంటే, అవి సంచి బయట మీ ఫైళ్ల మీద రాయగలవు.

ప్రశ్న: ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టవచ్చా?

ప్రమాణం ఒప్పుకుంటుంది, మేం వద్దంటాం. ‘నైరుతి’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింది చిన్న గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. కంటికి తేడా ఉండదు. కొన్ని వ్యవస్థలు ఫైలు పేరు దాచేటప్పుడు ఒకదాన్ని ఇంకోదానిగా మార్చేస్తాయి. అప్పుడు తనిఖీ సాధనం ‘ఒక ఫైలు లేదు, ఒక ఫైలు అదనంగా ఉంది’ అంటుంది, రెండు పేర్లూ అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి. పొల్లు తర్వాత అక్షరం విడిగా నిలవడానికి వేసే కనిపించని గుర్తు కూడా ఇలాగే తిప్పలు పెడుతుంది. పేరుకు ఆంగ్ల చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ వాడి, చక్కని తెలుగు శీర్షికను మెటాడేటాలో రాయండి. అక్కడ దానికి ఏ అడ్డూ లేదు.

ప్రశ్న: లింకులను ఎన్నాళ్లకోసారి తనిఖీ చేయాలి? ఒకటి పోతే, ఫైలు మా దగ్గర ఉంటే ఏం చేయాలి?

నెలకోసారి ఫైళ్లు దించకుండా, వాటి వివరాలుండే తలభాగం మాత్రమే సర్వర్‌ను అడిగి, పరిమాణం ఫెచ్‌లోని అంకెతో సరిపోతోందా, రకం వెబ్ పేజీ అని వస్తోందా చూసే స్క్రిప్టు చాలు. పరిమాణం ఒకటే అయినా లోపల మారి ఉండొచ్చు కాబట్టి ఏడాదికోసారి అన్నీ దించి చెక్‌సమ్ చూడండి. 100 ఎంబీపీఎస్ లైను మీద 600 జీబీకి 13 గంటలా 20 నిమిషాలు, ఒక రాత్రి పని.

పోయినప్పుడు, మీ దగ్గరున్న ప్రతిని ముందు మ్యానిఫెస్ట్‌తో పోల్చండి. సరిపోతే కొత్త చోట ఎక్కించి, ఫెచ్‌లో ఆ వరుస మార్చి, ట్యాగ్-మ్యానిఫెస్ట్ మళ్లీ తీసి, రికార్డుకు కొత్త వెర్షన్ పెట్టండి. సరిపోకపోతే మ్యానిఫెస్ట్‌లో చెక్‌సమ్‌ను ఆ ఫైలుకు తగ్గట్టు దిద్దాలన్న కోరిక కలుగుతుంది. ఆ పని చేయకండి. మిగతా ప్రతులను వెతకండి. ఏదీ సరిపోకపోతే పాత వరుసను పాత వెర్షన్‌లో అలాగే ఉంచి, ఇప్పుడు దొరికిన ఫైలును వేరే పేరుతో కొత్త వెర్షన్‌లో చేర్చండి. ఏ ఫైలు ఎప్పటినుంచి తేడా వచ్చిందో, కారణం తెలిస్తే కారణంతో సహా బ్యాగ్-ఇన్ఫోలో రాయండి.